కంచె దాటిన గొర్రెనే అడగాలి

కడప జిల్లాలో వారం రోజులు ఉండి వచ్చాను. గండికోట చూడలేదు. ఆ మాట చెప్పినప్పుడల్లా బాపట్లలో మావాళ్ళు నా వంక జాలిగా చూస్తున్నారు. నేను వెళ్ళింది ఒక పుస్తకంలో ఒక పేజీ కోసం. పేజీ దొరికింది. దాని కోసం గొర్రె పొట్ట మీద చెయ్యి పెట్టాల్సి వచ్చింది.

పుస్తకం మా చెల్లెలు సుగుణది. ముప్పై ఏళ్ళు ప్రొద్దుటూరులో ఆడపిల్లల కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పింది. నిరుడు పోయింది. పోయేముందు తన విద్యార్థుల కోసం ఈ చిన్న పుస్తకం రాసింది. దాని నిండా ఉన్నది ఒకే ప్రశ్న. బంతిని గోడకేసి కొడితే వెనక్కి వస్తుంది. ఎలక్ట్రాన్లు, పరమాణువులు అంత బుద్ధిగా ఉండవు. దాటే శక్తి లేని గోడను కూడా కొన్నిసార్లు దాటి అవతల తేలతాయి. గోడకు కన్నం పడదు, ఎవరూ తలుపు తియ్యరు. దీన్నే టన్నెలింగ్ అంటారు. అవి దాటుతాయని దాదాపు నూరేళ్ళుగా తెలుసు. దాటడానికి ఎంతసేపు పడుతుందన్నదే తగాదా.

తొంభై నాలుగు పేజీలు పూర్తిచేసింది. తొంభై ఐదో పేజీ చోట ఒక చీటీ ఉంది. దాని మీద పెన్సిల్‌తో, "చివరి పేజీ: గొర్రె. ఓబులేసు ఊరికి మళ్ళీ పోవాలి. నేను తప్పు చెప్పాను" అని ఉంది. నేను కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. చివరి పేజీ లేని పుస్తకాలు చాలా చూశాను. లోపల "చివరి పేజీ లేదు" అని రాసి బీరువాలో పెట్టేవాణ్ణి. ఈ పుస్తకాన్ని అలా పెట్టలేకపోయాను.

ప్రొద్దుటూరు

సోమవారం పొద్దున దిగాను. ఇక్కడ దోశ మీద ఎర్రకారం పూసి, ఆపైన పప్పుల పొడి చల్లి మడిచి ఇస్తారు. నలభై రూపాయలు. మావైపు కారం పక్కన పెడతారు, ఎంత అద్దుకోవాలన్నది తినేవాడి ఇష్టం. ఇక్కడ ఆ ఇష్టం దోశ వేసేవాడిది. సగం తిని నీళ్ళు అడిగితే ఆయన "యాడప్పా మీది?" అన్నాడు. గుంటూరు మిరపకాయ పక్కన పుట్టిన నేను, కళ్ళలో నీళ్ళతో ఆ సంగతి చెప్పలేక, "దూరం" అన్నాను.

సుగుణ పుస్తకం ఇచ్చిన ప్రెస్సు బంగారం కొట్ల వెనక సందులో ఉంది. యజమాని రమణయ్య. ముఖ్యంగా పెళ్ళిపత్రికలు వేస్తాడు.

"రాండి సార్. మేడం అన్న గదా మీరు? ముక్కు చూస్తానే తెలిసిపాయ."

ప్రూఫు చేతికిచ్చాడు. నాలుగు మూలలా పసుపు.

"పుస్తకానికి పసుపెందుకండీ?"

"మొదటి కాపీ గదా సార్. ఈన్నుంచి ఏది బయటికి పోయినా పసుపు ల్యాకుండా పోదు."

చివరి పేజీ తీశాను. ఖాళీగా ఉండాల్సిన చోట లతల అంచు, అటూ ఇటూ రెండు దీపాలు, మధ్యలో ఎనిమిది పాదాలు. "దేహమనే గోడను దాటిన ఆత్మకణమా! నీకు కాలమేది, దూరమేది?" అని మొదలై అలాగే సాగింది.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే సార్," అన్నాడు సిగ్గుగా. "లోపల ఒక పేజీ ఖాళీగా పంపిస్తే ఆ పెండ్లి నిలబడదని మా నాయన చెప్తాండె. మేడం పుస్తకాన్ని ఖాళీగా ఎట్ల పంపేది? రాస్తాంటే నాకే ఏడుపొచ్చె."

ఏడుపు మీద నాకు కోపం లేదు. ఈ ఏడాది నేనూ ఏడ్చాను. కానీ దీపాలు పెట్టుకుని ఏడవలేదు.

"రమణయ్యగారూ, కాలం పడుతుందని చెప్పడానికి ఆమె తొంభై నాలుగు పేజీలు రాసింది. తొంభై ఐదో పేజీలో మీరు పట్టదన్నారు."

"ఆత్మకు గూడా పడతాదా సార్?"

"ఆత్మ సంగతి నాకు తెలియదు. పరమాణువుకు పడుతుంది."

ఆయన గోడ మీది క్యాలెండరు చూశాడు. ఆదివారం కాలేజీలో సుగుణ సంస్మరణ సభ. పుస్తకాలు అక్కడ పిల్లలకు పంచాలి.

"బేస్తవారం పొద్దున మిషనెక్కాల. శుక్రవారం నుంచి పెండ్లి పత్రికలు, నెలన్నర దాకా మిషను ఖాళీ ఉండదు. ఆలోపల మీరేమన్నా తెచ్చిస్తే అదేస్తా. తేకపోతే నాదే ఉంటాది. ఖాళీ పేజీ మాత్రం నా చేత్తో ఎయ్యను సార్."

మూడు రోజుల్లో ఓబులేసును పట్టుకోవాలి. లేకపోతే సుగుణ పుస్తకం ఆత్మకణంతో ముగుస్తుంది. పులివెందుల అవతల ఎక్కడో ఓబులేసు అనే మనిషి గొర్రెలు మేపుతాడని తప్ప రమణయ్యకూ ఏమీ తెలియదు. "ల్యాబు హుసేనమ్మను అడుగు సార్, మేడం యాడికి పోయినా ఎనకాలే పోతాండె. ఇప్పుడు జమ్మలమడుగులో కొడుకు కాడ ఉండాది" అన్నాడు.

జమ్మలమడుగు

మంగళవారం బస్సు తప్పిపోయి షేర్ ఆటో ఎక్కాను. ఎంతసేపు పడుతుందండీ అని డ్రైవర్ని అడిగాను.

"ఇదోప్పా, పోతాండాం," అన్నాడు. ఆటో కదల్లేదు.

పక్కన కూర్చున్న ముసలావిడ నాకు వివరం చెప్పింది. "నిండినంక ముక్కాలు గంట నాయనా. నిండేదానికి ఎంతసేపో దేవునికి తెల్సు."

బయలుదేరిన క్షణం ఏదో తేలకపోతే ప్రయాణానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేమని సుగుణ మూడో అధ్యాయంలో రాసింది. ఆ అధ్యాయం బాపట్లలో రెండుసార్లు చదివాను. అర్థమైంది మాత్రం ఆ ఆటోలో.

హుసేనమ్మ కాలేజీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరైంది. గడపలోనే నన్ను ఆపి, "తిన్యావా?" అంది. తినలేదన్నాక లోపలికి రానిచ్చింది. రాగి సంగటి, నాటుకోడి పులుసు. మావైపు అన్నం విస్తరంతా పరుస్తాం. సంగటిని ముద్దగా పెడతారు, మధ్యలో గుంట చేసి పులుసు పోస్తారు. నేను గుంట చేస్తుంటే గట్టు తెగి పులుసు చొక్కా మీదికి వచ్చింది.

"మేడం గూడా మొదటి దినం ఇట్లే పోసుకున్యాది," అంది హుసేనమ్మ. ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి నేను చొక్కా తుడుచుకున్నాను.

తర్వాత మంచం కింది నుంచి ఒక పొడుగాటి అట్టపెట్టె లాగింది. రెండు చివరలా తెరిచి ఉంది, పక్కన రూపాయి బిళ్ళంత కన్నం. దాంతోపాటు ఒక బొమ్మ బండి. బండి మీద గుండుసూదికి గుచ్చిన కాగితపు చక్రం, చక్రం మీద ఒక సిరా చుక్క. సుగుణ పాఠానికి చేసిన పరికరం ఇది. ల్యాబు శుభ్రం చేస్తూ పారేస్తుంటే తెచ్చుకుందట.

"బండి ఈపక్క దూరి ఆపక్క వస్తాది. లోపల ఎంతసేపుండాదో చెప్పాల. ఎట్ల చెప్తావు?"

"రెండు చివరలా గడియారం పెట్టి."

"మేడం గూడా ఫస్టు అట్లే అడుగుతాండె, పిల్లోళ్ళు నీ మాదిరే చెప్తాండ్రి. అది బండికైతే సరే. పరమాణువు బండి కాదంట గదా, అలంట. శానా పొడుగుంటాదంట. పీర్ల ఊరేగింపు మా ఈది మలుపు కాడికి ఎప్పుడొచ్చె అంటే ఏం చెప్తావు? డప్పులొచ్చినప్పుడా, పీర్లొచ్చినప్పుడా, కడాన ఐసుబండి వచ్చినప్పుడా?"

"మరి?"

"గోడ కాడ గడియారం పెడితే లాభం ల్యా. దూరేదానికే కట్టాల." ఆమె బండిని తోసి, కన్నానికి నోరు పెట్టి ఊదింది. బండి అవతల వచ్చేసరికి చక్రం మీది చుక్క పై నుంచి పక్కకు తిరిగింది. "లోపలుంటేనే గాలి తగుల్తాది. ఎంతసేపుంటే అంత తిరుగుతాది. ఊదేది నా పని. పదేండ్లు ఊదినా సార్. గట్టిగా ఊదకూడదు, ఊదితే బండే ఎగిరిపోతాది. సన్నగా, బిడ్డ కంట్లో నలుసు పడితే ఊదినట్ల ఊదాల."

నిజం ప్రయోగంలో చేసింది కూడా ఇదేనని సుగుణ రాసింది. పరమాణువులను అతి చల్లగా చేశారు. లేజర్ కాంతితో వాటికి అడ్డంగా గోడ కట్టారు. గోడ లోపల మాత్రమే తగిలేలా, అయస్కాంతం లాంటి ఒక సన్నని ప్రభావం పెట్టారు. ప్రతి పరమాణువుకూ స్పిన్ అనే లక్షణం ఉంటుంది. ఈ చక్రం మీది చుక్కలాంటిదే. గోడ దాటి వచ్చినవాటి చుక్క ఎంత తిరిగిందో చూశారు. దాన్ని బట్టి లెక్క కడితే లోపల ఉన్నది సెకనులో వెయ్యో వంతు కూడా కాలేదు. కానీ సున్నా కాదు. "సున్నా కాదు" అన్నచోట సుగుణ కింద గీత గీసింది. పుస్తకం మొత్తం మీద ఆమె గీసిన గీత అదొక్కటే.

"మరి ఓబులేసు దగ్గర ఏమైందమ్మా? తప్పు చెప్పానని రాసుకుంది."

హుసేనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోంది. "మేడం ఆడ పంచాయితీ చెప్పినాది సార్. నేను చెప్పను. ఆయప్పనే చెప్పనీ." ఫోను తీసి గట్టిగా అరిచింది. "ఓబులేసన్నా! మేడం అన్న వస్తాండాడు, రేపు. నీ జీవాల డొక్కలు దాచిపెట్టుకో!"

పులివెందుల దాటాక

బుధవారం. పులివెందుల బస్టాండులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బొరుగులు నానబెట్టి పోపు వేస్తారు. ముప్పై రూపాయలు. బజ్జీ విషయంలో సోమవారం నేర్చుకున్న పాఠం గుర్తుంచుకుని, పక్కాయనకు ఇచ్చేశాను. ఆయన నేను రోగిష్టివాణ్ణనుకుని సీటిచ్చాడు.

వేంపల్లె దారిలో దిగి, అరటి తోటల పక్కనుంచి కిలోమీటరు నడిస్తే ఓబులేసు ఊరు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. బీడు భూమిలో నూరు గొర్రెలతో నిలబడి ఉన్నాడు. వీళ్ళు గొర్రెలను జీవాలంటారు. బీడుకూ పక్కనున్న శెనక్కాయ చేనుకూ మధ్య ముళ్ళకంప కంచె.

"కూర్చో సార్. నీళ్ళు తాగుతావా? మీ చెల్లెలు శానా మంచామె. తెలివికలామె. కాకపోతే..." అని మొదలుపెట్టాడు. ఆ "కాకపోతే" తర్వాతి మాట వినేలోపల చేనులో నుంచి కేక వినపడింది.

"ఓబులేసా! నీ జీవాలకు కండ్లు ల్యావా, నీకు ల్యావా?"

చేను నాగమ్మది. యాభై ఏళ్ళ మనిషి. మూడు గొర్రెలను తోలుకుంటూ కంపలోని సందు గుండా ఇవతలికి వచ్చింది.

"ఇప్పుడే దూరినాయి నాగమ్మా. ఈ సారుతో రొండు మాటలు మాట్లాడేలోపల..."

"రొండు మాటలా? నువ్వు రొండు మాటలతో నిలిపిన దినం యాడుండాది? పొద్దున్నుంచి మేస్తాండాయి!"

ఇక్కడొక పద్ధతి ఉంది. జీవాలు చేనులో పడితే ఎంతసేపు మేశాయో తేల్చాలి. కాపరి ఎప్పుడూ "ఇప్పుడే" అంటాడు, చేనుగలవాళ్ళు ఎప్పుడూ "పొద్దున్నుంచి" అంటారు. ఇద్దరినీ ఎవరూ నమ్మరు. దూరిన గొర్రెనే పట్టుకుని దాని డొక్క తడిమి చూస్తారు. తడిమేవాడికి అటు చేనూ ఉండకూడదు, ఇటు జీవాలూ ఉండకూడదు. శిక్ష డబ్బు కాదు. తేలిన కాలాన్ని బట్టి కాపరి తన మందను అన్ని రాత్రులు ఆ రైతు బీడులో పడుకోబెట్టాలి. నేలకు ఎరువు దక్కుతుంది. దాన్ని మంద కట్టడం అంటారు.

నాగమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీకు చేనుండాదా అన్నా?"

"లేదమ్మా."

"జీవాలు?"

"లేవు."

"ఏముండాయి మరి?"

"పుస్తకాలు."

"పనికొస్తావు. రా."

గొర్రె పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టాను. మెత్తగా, వెచ్చగా ఉంది. ఏదో అర్థమైనట్టు తల ఊపాను.

"ఆపక్క ఏముండాది సార్, పేగులు," అన్నాడు ఓబులేసు. "తిండి ఎడంపక్క ఉంటాది."

ఎడమ పక్కకు మారాను. గొర్రె నా చెప్పు తొక్కి నిలబడింది.

మొదట చేనులోకి పోని గొర్రెను చూడాలట. బీడులో అన్నీ ఒకే గడ్డి మేశాయి కాబట్టి, తేడా వస్తే అది చేను తేడా. మేసిన కొద్దీ డొక్కలో గుంట పూడుతుంది. పోని గొర్రె ఎడమ డొక్కలో గుంటకు నాలుగు వేళ్ళు పట్టాయి. దూరిన మూడింటికీ రెండేసి వేళ్ళే పట్టాయి. తెల్లకాగితం మీద రాసి ఇచ్చినంత స్పష్టంగా ఉంది.

అంతలో ఓబులేసు ఇంకో గొర్రెను నా ముందుకు తోశాడు. దాని మెడ ఉన్నిలో ముళ్ళు గుచ్చుకుని ఉన్నాయి. "దీన్నీ చూడు సార్. ఇదీ కంపలోనే ఉండె."

చూశాను. నాలుగు వేళ్ళు పట్టాయి. నేను మనసులో నాలుగు గొర్రెలకూ సగటు కట్టడం మొదలుపెట్టాను.

"ఓయ్!" అని అరిచింది నాగమ్మ. "అది తల పెట్టి ఎనక్కొచ్చినాది. నా చేన్లోకి రానేల్యా. దాన్నేల లెక్కేస్తావు? దాటినదాన్ని చూడు! ఆ టీచరమ్మ గూడా ఇట్లే చేసె!"

చెయ్యి తీసేశాను. "ఏ టీచరమ్మ?"

"హుసేనమ్మతో వచ్చినామె. కంప కాడుండే వాటినంతా, దూరినవీ దూరనివీ కలిపి తడిమి, నోటుబుక్కులో రాసుకోని, ఒక రాత్రి సాలు అన్యాది. ఈయప్ప ఎన్ని పండ్లు బయటపెట్టి నవ్వినాడో!"

ఓబులేసు గొర్రె మెడలో ముళ్ళు తీస్తూ ఉండిపోయాడు.

ఇది సుగుణ నాలుగో అధ్యాయం. గోడలో దూరి వెనక్కి వచ్చినవాటినీ దాటినవాటినీ కలిపితే ఒక కాలం వస్తుంది. దాటినవాటినే అడిగితే ఇంకో కాలం. రెండూ నిజమే కానీ రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు, కలపకూడదు అని ఆమే రాసింది. పరమాణువుల దగ్గర జాగ్రత్తగా ఉన్న మనిషి గొర్రెల దగ్గర తప్పింది. ఇంటికి పోయాక తెలిసి ఉంటుంది.

"ఆమె మా చెల్లెలమ్మా," అన్నాను. "తప్పు చెప్పానని రాసుకుంది. మళ్ళీ వచ్చి మీతో చెప్పాలనుకుంది. రాలేకపోయింది, నిరుడు పోయింది. అందుకని నేను చెబుతున్నాను. మీకు అన్యాయం జరిగింది."

నాగమ్మ నా వైపు తిరిగింది. "అయ్యో," అంది. "పోయినాదా." మట్టి చేతులు చీరకు తుడుచుకుంది. మళ్ళీ నా మొహం చూసి, చెప్పాలా వద్దా అన్నట్టు ఓబులేసు వైపు చూసింది.

"దానికోసరం ఇంత దూరమొస్తివా అన్నా? ఆమె మాట మేం యాడ ఇన్యాం? సదువుకున్నామె, మొకం మీద కాదంటే బాగుండదని సరే అంటిమి. ఆమె బస్సెక్కినంక మళ్ళా దూరినవాటి డొక్కలు చూసి, మూడు రాత్రులు కట్టిచ్చుకుంటి."

"మూడు రాత్రులు," అన్నాడు ఓబులేసు దిగులుగా.

నేను నవ్వాను. సుగుణ పోయేదాకా మోసిన తప్పును, ఆమె ఎక్కిన బస్సు మలుపు తిరిగేలోపలే వీళ్ళు సరిచేసుకున్నారు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. నవ్వు ఎంతసేపటికీ ఆగకపోతే నాగమ్మ నీళ్ళ చెంబు తెచ్చిచ్చింది.

నా తీర్పు రెండు రాత్రులు. ఓబులేసు నన్ను చాలాసేపు చూశాడు.

"మీ చెల్లెలే మేలు సార్," అన్నాడు.

మళ్ళీ ప్రొద్దుటూరు

పేజీ తిరుగు బస్సులో రాశాను. "ఈ పేజీ సుగుణ రాసింది కాదు" అని మొదటి వాక్యం. తర్వాత కంప, డొక్క, నాలుగు వేళ్ళు, రెండు వేళ్ళు. ఆమె ఎక్కడ తప్పిందో, అది ఆమెకు ఎలా తెలిసి ఉంటుందో, ఊరివాళ్ళు ఏం చేశారో. "కంచె దాటడానికి ఎంతసేపు పట్టిందో తెలియాలంటే దాటిన గొర్రెనే అడగాలి" అని చివరి వాక్యం.

గురువారం పొద్దున రమణయ్య నిలబడే చదివాడు.

"దీంట్లో ఏడుపేదీ సార్?"

"లేదండీ."

"మేడం తప్పు చేసినాదని అచ్చేస్తామా? సచ్చిపోయినోళ్ళ తప్పు ఎవరన్నా అచ్చేస్తారా?"

దారంతా నన్ను తొలిచింది అదే. నాకు ఉన్నది ఒక్క చెల్లెలు. ఆమె పేరు మీద వచ్చే ఒక్క పుస్తకం. అందులో చివరి మాట ఆమె తప్పు. జేబులో నుంచి చీటీ తీసి ఆయనకిచ్చాను.

"పెన్సిల్‌తో రాసింది చూడండి. చెరిపెయ్యాలంటే నిమిషం పట్టదు. చెరపలేదు."

రమణయ్య చీటీని వెలుతురుకు పట్టి చూశాడు. కంపోజింగ్‌కు కూర్చున్నాడు. దీపాలు తీసేశాడు. లతల అంచు మాత్రం తియ్యనన్నాడు. అరగంట బేరం మీద నాలుగు పక్కలదీ ఒక పక్కకు తగ్గింది.

ఆదివారం సభలో వేదిక మీద సుగుణ ఫొటోకు దండ వేశారు. పెద్దలు మాట్లాడుతుండగానే పుస్తకాలు పంచారు. వెనక నుంచి తెరిచేవాళ్ళు ఇంతమంది ఉంటారని లైబ్రరీలో అన్నేళ్ళు పనిచేసినా నాకు తెలియదు. మొదట ఒకమ్మాయి కిసుక్కుమంది. తర్వాత ఒక వరుస. తర్వాత హాలంతా. "మేడం గొర్రెల సగటు కట్టినాదంటే!" అని ఎవరో అరిచారు. ప్రిన్సిపాల్ గారు ఫొటో వైపు చూశారు, నా వైపు చూశారు, ఆపాలో లేదో తెలియక మైకు పట్టుకుని నిలబడ్డారు.

మూడో వరుసలో ఇద్దరు అమ్మాయిలు నవ్వడం మానేసి గొడవపడుతున్నారు.

"తల పెట్టి ఎనక్కొచ్చినదానికి మాత్రం కాలం పట్టదా?"

"దాన్ని లెక్కెయ్యకూడదని రాసినారు గదా."

"చేను సంగతికి లెక్కెయ్యద్దన్యారు. అది గూడా కంపలో ఉండె గదా? ఎంతసేపుండాది? ఎవరు చెప్తారు?"

ప్రిన్సిపాల్ గారు దారి దొరికినట్టు, మేడం ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు. అందరూ లేచి నిలబడ్డారు. హాలు నిశ్శబ్దమైంది. మూడో వరుసలో మాత్రం ఒకమ్మాయి అరచేతిని గోడలా నిలబెట్టింది. రెండో అమ్మాయి తన వేలిని ఆ వేళ్ళ సందులోకి సగం దూర్చి, వెనక్కి లాగి, కాదన్నట్టు తల ఊపి, మళ్ళీ దూర్చింది. రెండు నిమిషాలూ అదే పని. నేను తల వంచుకున్నాను కానీ కళ్ళు మూసుకోలేదు.